బాలాపూర్ రోహింగ్యా కుటుంబాలకు సాయం: ఉన్న డబ్బు ముందు దేనికి ఖర్చు పెట్టాలి?

తూర్పుగాలి (ప్రశ్న)

నమస్కారం. హైదరాబాద్‌లో బాలాపూర్, షాహీన్‌నగర్ వైపు ఖాళీ ప్లాట్లలో గుడిసెలు వేసుకుని ఉంటున్న రోహింగ్యా శరణార్థుల్లో ఒక 40 కుటుంబాలకు మా కాలనీ సంఘం తరఫున సాయం చేయాలనుకుంటున్నాం. అంతా కలిపి దాదాపు 200 మంది. స్థలం ప్రైవేటుది, నెలనెలా అద్దె కడుతున్నారు. నీళ్లకు ట్యాంకరే దిక్కు. మగవాళ్లు ఎక్కువమంది పాత ప్లాస్టిక్, ఇనుము ఏరి అమ్ముతారు, లేదా కూలికి వెళ్తారు. ఆడవాళ్లకు ఇంటి దగ్గర చేసుకునే పనేమీ లేదు.

సంఘం దగ్గర 3 లక్షలు పోగయ్యాయి. అమెరికాలో ఉన్న మావాళ్లు ఇంకొంత పంపుతామంటున్నారు. ఇప్పటికి మూడు ప్రతిపాదనలు వచ్చాయి: నెలకు సరిపడా బియ్యం, పప్పుల కిట్లు; దుప్పట్లు, పాత బట్టలు; ఆడవాళ్లకు కుట్టుమిషన్లు. ఒకరోజు పంచేసి ఫొటో దిగి వచ్చేయడం మాకు ఇష్టం లేదు. ఏడాది తర్వాత కూడా వాళ్లకు అక్కరకొచ్చేది కావాలి. ఈ పనిలో ఉన్నవాళ్లు దయచేసి లెక్కలతో సహా చెప్పండి.

బావిగట్టు

మూడు ప్రతిపాదనల్లోనూ నీళ్లు లేవు. అక్కడినుంచే మొదలుపెట్టండి. గుడిసెల్లో పసిపిల్లలకు నీళ్ల విరేచనాలు తగ్గనంతకాలం మీరిచ్చిన తిండి ఒంటబట్టదు, కూలి డబ్బులు మందులకే పోతాయి.

శరణార్థి శిబిరాలకు స్ఫియర్ ప్రమాణాలని అంతర్జాతీయంగా అందరూ పాటించే కొలతలున్నాయి. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు. మీ 200 మందికి 3,000 లీటర్లు. రోజూ ఒక 5,000 లీటర్ల ట్యాంకరు వస్తే తలకు 25 లీటర్లు పడుతుంది, చాలు. చిక్కంతా నిల్వ దగ్గర. ట్యాంకరు వచ్చిన అరగంటలో పట్టుకున్నవాళ్లకే నీళ్లు, అదీ మూతల్లేని రంగు డబ్బాల్లో. అందుకే ఒక 5,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు పెట్టించండి. ప్రమాణం ప్రకారం 250 మందికి ఒక కుళాయి సరిపోతుంది కానీ పొద్దున్నే పనికి పోయేవాళ్ల తోపులాట తగ్గాలంటే నాలుగు పెట్టండి.

ట్యాంకు పెట్టే దిమ్మె విషయంలో పొదుపు చేయొద్దు. నిండిన ట్యాంకు 5 టన్నులు. ఇనుప యాంగిళ్ల స్టాండు మెత్తటి నేలలో ఓ పక్కకు కుంగితే ట్యాంకు అడుగు చీలుతుంది. ఇటుక గోడ కట్టి లోపల మొరం నింపి దిమిసా కొట్టి, పైన కాంక్రీటు పలక వేయించండి. కుళాయి కింద బిందె పట్టేంత ఎత్తుంటే చాలు. కుళాయిల కింద సిమెంటు చప్టా, అక్కడినుంచి నీళ్లు పోయే కాలువ తప్పనిసరి. అది లేకపోతే నెల తిరక్కుండా బురద, దోమలు, ఆ బురదలోనే ఆడుకునే పిల్లలు.

ఇక క్లోరిన్. బయలుదేరేటప్పుడు ట్యాంకరు నీళ్లలో క్లోరిన్ ఉన్నా చేరేసరికి మిగులుతుందన్న నమ్మకం లేదు. 33 శాతం బలం ఉన్న తాజా బ్లీచింగ్ పౌడరు 30 గ్రాములు లీటరు నీళ్లలో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైన తేరుకున్న నీటిని వంచుకోండి. అదే 1 శాతం ద్రావణం. ట్యాంకులో ఎంత పోయాలన్నది పుస్తకం చూసి నిర్ణయించకూడదు, ఆ నీటినే అడగాలి. నాలుగు 20 లీటర్ల బకెట్లు నింపి వరసగా 1, 1.5, 2, 2.5 మిల్లీలీటర్ల ద్రావణం సిరంజితో వేసి కలపండి. 30 నిమిషాలు ఆగి క్లోరోస్కోపుతో (నీటిలో మిగిలిన క్లోరిన్‌ను కొలిచే పరికరం) చూడండి. లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలిన బకెట్ ఏదో దాని లెక్కే మీ లెక్క. ఉదాహరణకు 2 మిల్లీలీటర్ల బకెట్ సరిపోతే 5,000 లీటర్లకు 500 మిల్లీలీటర్లు. నీరు మారినప్పుడల్లా, ముఖ్యంగా వానాకాలంలో, ఈ పరీక్ష మళ్లీ చేయాలి. మట్టి ఉన్న నీరు క్లోరిన్‌ను తినేస్తుంది. కంటికి మురికి కనపడుతుంటే ముందు తేరనివ్వాలి, ఆ తర్వాతే మందు.

ఎక్కువమంది బోల్తా పడేది పౌడరు దగ్గరే. ఒకేసారి పెద్ద బస్తా కొంటారు, మూతి విప్పి ఒక మూల పెడతారు. తేమ తగిలి రెండు నెలల్లో బలం పోతుంది. అదే కొలత వేస్తూనే ఉంటారు, నీళ్లలో మాత్రం ఏమీ ఉండదు. చిన్న ప్యాకెట్లు కొని మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో నీడన పెట్టండి.

ఇంటింటికీ రెండు పాత్రలు ఇవ్వండి: మోసుకురావడానికి ఒకటి, తాగే నీటికి కుళాయి ఉన్న 20 లీటర్ల డబ్బా ఒకటి. గ్లాసు ముంచి తీసుకునే బిందెలో ఎంత మంచి నీరు పోసినా సాయంత్రానికి చేతులు తగిలి పాడవుతుంది. తలకు నెలకు 250 గ్రాముల ఒంటి సబ్బు, 200 గ్రాముల బట్టల సబ్బు కూడా లెక్కలో వేసుకోండి. దుప్పట్ల కన్నా సబ్బే ఎక్కువ రోగాలను ఆపుతుంది.

మరుగుదొడ్లు 20 మందికి ఒకటి చొప్పున 10 కావాలి. ఆ ప్రాంతంలో తవ్వితే తొందరగా రాయి తగులుతుంది కాబట్టి గుంట మరుగుదొడ్డి కుదరకపోవచ్చు. సెప్టిక్ ట్యాంకు కట్టి లారీతో తోడించాలి, ఆ ఖర్చు ఏటా వస్తుందని ముందే రాసి పెట్టుకోండి. లోపలి గడియ, రాత్రి దీపం లేని దొడ్డిని ఆడవాళ్లు చీకటి పడ్డాక వాడరు. స్థల యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఒక్క ఇటుక కూడా పెట్టొద్దు. కట్టాక ఖాళీ చేయమంటే మీ డబ్బు ఆయన ప్లాటులో మిగిలిపోతుంది.

మానెడు

తిండి గురించి. పెద్ద ప్రమాదం జరిగినప్పుడు, పనులు నిలిచిపోయినప్పుడు కిట్లు ఇవ్వాల్సిందే. ఏడాది పొడవునా ఇవ్వాలంటే మీ 3 లక్షలు రెండు నెలలు కూడా రావు. ఒక్కసారి లెక్క చూడండి. సగటున మనిషికి రోజుకు 2,100 కిలోకేలరీలు కావాలి. బియ్యం 400 గ్రాములు, పప్పు 60, నూనె 30, చక్కెర 15, అయోడిన్ ఉప్పు 5 గ్రాములు ఇస్తే 1,900 పైచిలుకు వస్తాయి. మిగిలింది కూరగాయలు, చేపల నుంచి రావాలి. అయిదుగురున్న ఇంటికి నెలకు అది 60 కిలోల బియ్యం, 9 కిలోల పప్పు, 4.5 కిలోల నూనె అవుతుంది. బయట పంచే 10 కిలోల బియ్యం కిట్టు ఆ ఇంటికి 5 రోజులకు వస్తుంది. అది ఇచ్చి నెల సరుకు అని రాసుకోవడం సరికాదు.

కందిపప్పుకు బదులు మైసూరు పప్పు ఇవ్వండి. తొందరగా ఉడుకుతుంది, వంటచెరుకు మిగులుతుంది. వాళ్లు మయన్మార్‌లోని అరకాన్ తీరం మనుషులు, అన్నంలోకి చేప అలవాటు. ఎండుచేపలు ఇస్తే మాంసకృత్తులూ అందుతాయి, ఇష్టంగానూ తింటారు. ఏ బియ్యం కావాలో, ఏ నూనె కావాలో ముందు ఆడవాళ్లను అడగండి. తినని సరుకును సగం ధరకు కొట్టుకే అమ్మేస్తారు, అది వాళ్ల తప్పు కాదు.

నా ఓటు మాత్రం కిట్టుకు కాదు, చీటీకి, అంటే కొట్టులో ఇచ్చి సరుకు తీసుకునే కూపనుకు. దగ్గర్లోని ఒక కిరాణా కొట్టుతో మాట్లాడి ధరల పట్టిక రాయించుకోండి. ఇంటికో నంబరు చీటీ, 15 రోజుల గడువు, కొట్టువాడు చీటీలు తిరిగి ఇస్తేనే డబ్బు. చంటిపిల్ల ఉన్న ఇంట్లో గుడ్లు కొంటారు, ముసలివాళ్లున్న ఇంట్లో ఇంకేదో కొంటారు. మీ వాలంటీర్లు మూటలు కట్టే పనీ తప్పుతుంది. ఇక్కడ చెడేది ఒక్కచోటే: చీటీ చూడగానే కొట్టువాడు ధర పెంచుతాడు. నెలకు రెండుసార్లు చెప్పకుండా వెళ్లి పట్టికతో సరిచూడండి. పట్టిక కొట్టు ముందు ఉర్దూలో వేలాడదీయండి. చదవలేనివాళ్ల కోసం ఒక్కో సరుకు బొమ్మ పెట్టండి.

జాబితా సంగతి చాలా ముఖ్యం. బస్తీ పెద్ద ఇచ్చిన పేర్లతోనే పంచితే ఆయనకు నచ్చనివాళ్లు, ఒంటరి ఆడవాళ్లు, కొత్తగా వచ్చినవాళ్లు జారిపోతారు. ముందు రోజు సాయంత్రం, అందరూ పని నుంచి వచ్చాక, మీరే గుడిసె గుడిసెకూ తిరిగి మనుషుల్ని లెక్కపెట్టి నంబరు టోకెను ఇవ్వండి. ఇద్దరు తిరగాలి, అందులో ఒకరు ఆడమనిషి కావాలి. పంచేరోజు ఒక కిట్టు విప్పి బల్ల మీద పరిచి పెట్టండి, తనకు ఏమేం రావాలో ప్రతివాళ్లూ కళ్లతో చూసుకుంటారు. గర్భిణులకు, ముసలివాళ్లకు వేరే వరస.

పక్క బస్తీలో పేదలు ఉంటే వాళ్లనూ తలుచుకోండి. కనీసం నీళ్ల కుళాయి వాళ్లకూ తెరిచి ఉంచండి. ‘వాళ్లకే అన్నీ’ అన్న మాట పుట్టిందంటే ఆ కోపం రేపు గుడిసెలవాళ్ల మీదే పడుతుంది, మీ సంఘం మీద కాదు.

పాత బట్టలు వద్దు.

దస్తావేజు

డబ్బు, కాగితాల గురించి చెప్తాను. తూర్పుగాలి గారూ, అమెరికా డబ్బు దగ్గర ఆగండి. పంపేవాళ్లు భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లయితే, అంటే హెచ్‌1బీ మీదో గ్రీన్‌కార్డు మీదో ఉన్న మన పౌరులైతే, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇచ్చింది విదేశీ విరాళం కిందకు రాదు. పాస్‌పోర్టు కాపీ తీసుకుని దస్త్రంలో పెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇచ్చేది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) నమోదు లేని మీ సంఘం దాన్ని ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. నమోదున్న సంస్థ తీసుకుని మీకు బదిలీ చేయడం కూడా 2020 సవరణ తర్వాత కుదరదు. బంధువుకు పంపినట్టు చూపి సంఘానికి మళ్లిద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. అలాంటివాళ్లను ఎఫ్‌సీఆర్‌ఏ నమోదున్న స్వచ్ఛంద సంస్థకే నేరుగా ఇమ్మనండి, లేదా అక్కడే ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ (యూఎన్‌హెచ్‌సీఆర్) కోసం విరాళాలు తీసుకునే యూఎస్ఏ ఫర్ యూఎన్‌హెచ్‌సీఆర్ ఉంది.

ఇక్కడి దాతలకు: 2,000 దాటిన నగదుకు, వస్తురూపంలో ఇచ్చినదానికి ఆదాయపు పన్నులో విరాళాల (80జీ) మినహాయింపు రాదు. మీ సంఘానికి 80జీ లేకపోతే ఆ మాట ముందే చెప్పేయండి.

ఆ కుటుంబాల హోదా ఏమిటో మీ వాలంటీర్లందరికీ తెలియాలి. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద గానీ 1967 ప్రోటోకాల్ మీద గానీ సంతకం చేయలేదు. వాళ్ల దగ్గరుండేది యూఎన్‌హెచ్‌సీఆర్ ఇచ్చిన కార్డు; అది మన ప్రభుత్వం ఇచ్చిన నివాస హక్కు కాదు. అందుకే బ్యాంకు ఖాతా, రేషన్ కార్డు ఉండవు. ‘ఒక ఆధార్ ఇప్పిస్తే అన్నీ సర్దుకుంటాయి’ అని మంచి మనసుతోనే అనేవాళ్లుంటారు. తప్పుడు పత్రాలతో తీసిన ఆధార్, ఓటరు కార్డు ఆ మనిషిని జైలుకు పంపుతాయి, ఇప్పించినవాళ్లనూ పంపుతాయి. 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త ఇమిగ్రేషన్ అండ్ ఫారినర్స్ చట్టం అమల్లో ఉంది. విదేశీయులకు వసతి ఇచ్చినవాళ్లు అధికారులకు తెలపాలి. కాబట్టి సంఘం పేరు మీద ప్లాటో గదో అద్దెకు తీసుకునే పని వకీలును అడగకుండా చేయొద్దు.

1960ల్లో బర్మా (ఇప్పటి మయన్మార్) నుంచి మన తెలుగువాళ్లు వేలమంది ఓడలెక్కి వచ్చేశారు. విశాఖలో బర్మా క్యాంపు పేరు అలా వచ్చిందే. ఆ కాందిశీకులకు వ్యాపార రుణాలు, ఉద్యోగాల్లో వయోపరిమితి సడలింపు లాంటివి ప్రభుత్వం ఇచ్చింది కాబట్టి నిలదొక్కుకోగలిగారు. అదే బర్మా నుంచి వచ్చిన వీళ్లకు ఆ తలుపులన్నీ మూసే ఉన్నాయి. కాబట్టి తెరిచి ఉన్న కొద్ది తలుపులను గట్టిగా పట్టుకోవాలి.

అలాంటిదే ఒకటి: జనన ధ్రువపత్రం. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఈ దేశంలో జరిగిన ప్రతి పుట్టుకా నమోదు కావాలి, తల్లిదండ్రులు ఏ దేశస్థులైనా సరే. 21 రోజుల్లోపు ఉచితం. అది దాటి, పుట్టిన 30 రోజుల్లోపైతే ఆలస్య రుసుము. ఏడాదిలోపైతే అధికారి అనుమతి. ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి, అది నెలల పని. ఆసుపత్రిలో కాన్పయితే ఆసుపత్రే సమాచారం పంపుతుంది. చెడేది పేర్ల దగ్గర. వీళ్లకు ఇంటిపేర్లు ఉండవు. తల్లి పేరు కార్డులో ఒకలా, కేసు షీటులో ఇంకోలా పడుతుంది. కాన్పుకు వెళ్లేటప్పుడే యూఎన్‌హెచ్‌సీఆర్ కార్డు జిరాక్సు మీద పేర్లు పెద్ద అక్షరాల్లో రాసి చేతికివ్వండి, అలాగే రాయమని నర్సును అడగమనండి. ఈ పత్రం పౌరసత్వం ఇవ్వదని తల్లిదండ్రులకు స్పష్టంగా చెప్పాలి. కానీ ఆ బిడ్డ ఎవరో, ఎప్పుడు, ఎక్కడ పుట్టిందో చెప్పే తిరుగులేని కాగితం అదొక్కటే.

ఇంకో మాట. కార్డు నంబర్లు, ఫొటోలు ఉన్న జాబితాను వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. ఒకే కాగితం ప్రతి, ఒకరి దగ్గర, తాళంలో. ముఖాలు కనిపించే ఫొటోలు అసలు వద్దు. మయన్మార్‌లో ఉండిపోయిన వాళ్ల బంధువులకు కూడా ఆ ఫొటోతో ఇబ్బంది రావచ్చు.

తంగేడు

కుట్టుమిషన్లంటే అందరికీ ఇష్టం, పంచడం తేలిక, ఫొటో బాగుంటుంది. ఆర్డరు లేని మిషను మాత్రం మూడు నెలల్లో అమ్ముడుపోతుంది. కొనే ముందు కనీసం ఆరు నెలలు పని ఇచ్చే మనిషి దొరకాలి: స్కూలు యూనిఫాం కాంట్రాక్టరో, గుడ్డసంచుల దుకాణమో, నైటీలు కుట్టించే హోల్‌సేల్ వ్యాపారో. ఆయన నమూనా తెచ్చి, నచ్చిన కుట్టు వచ్చేదాకా రెండు మిషన్ల మీద నేర్పించి, ఎవరు నిలిచారో చూసి అప్పుడు మిగతావి కొనండి. కరెంటు నమ్మకం లేదు కాబట్టి కాలితో తొక్కేవే తీసుకోండి. బెల్టు, బాబిన్లు, సూదుల ప్యాకెట్లు అదనంగా కొని ఒకరి దగ్గర పెట్టండి. పది రూపాయల సూది విరిగి వారం పని ఆగిపోవడం మామూలే.

నన్నడిగితే ముందు మగవాళ్లు ఇప్పటికే చేస్తున్న స్క్రాప్ పనిలో రాబడి పెంచండి. కలగాపులగంగా సంచుల్లో అమ్మితే దుకాణదారు అన్నిటికన్నా తక్కువ ధర కడతాడు. నీళ్ల సీసాల పెట్, పాల క్యాన్లు, షాంపూ డబ్బాల హెచ్‌డీపీఈ, డబ్బా మూతల పీపీ, ఇలా ప్లాస్టిక్ రకాలుగా వేరు చేస్తే ఒక్కోదానికి దాని ధర వస్తుంది. పెట్ సీసా మూత, రింగు, లేబులు తీసేసి, నలిపి అమ్మాలి; మూత వేరే ప్లాస్టిక్, అది కలిస్తే సరుకు పాడైందంటారు. గుడిసెల మధ్య అందరికీ కలిపి ఒక 100 కిలోల ఎలక్ట్రానిక్ కాటా పెట్టించండి. తన సరుకు ఎంత తూగిందో తెలిసినవాడు దుకాణం కాటా దగ్గర నిలబడి అడగగలడు. గ్లవ్సులు, మందపాటి అడుగున్న బూట్లు, ధనుర్వాతం టీకా ఇప్పించండి. రాగి కోసం కేబుళ్లు కాల్చే పని గుడిసెల దగ్గర పూర్తిగా ఆపించాలి, ఆ పొగ పిల్లల మెదడుకు హాని. వైరు ఒలిచే చిన్న పరికరం దొరుకుతుంది.

ఈ ప్లాస్టిక్ పోగుల వల్లే నిప్పు భయం కూడా. 2021 మార్చిలో బంగ్లాదేశ్‌లోని కాక్స్‌బజార్ బాలూఖాలీ రోహింగ్యా శిబిరంలో మంటలు అంటుకుని 45,000 మంది వరకు నిలువనీడ పోగొట్టుకున్నారు. వెదురు, టార్పాలిన్ ఒకదాన్ని ఆనుకుని ఒకటి ఉంటే ఇక్కడైనా అంతే. గుడిసెకూ గుడిసెకూ కనీసం 2 మీటర్లు, ప్లాస్టిక్ పోగు గుడిసెలకు వీలైనంత దూరంగా, బయటికి పోయే రెండు దారులూ ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. వరసకు నాలుగు ఇసుక బకెట్లు. అతుకుల వైర్లను ఎలక్ట్రీషియనుతో సరిచేయించండి.

టార్పాలిన్ కొంటే పలచటి నీలం షీట్లు వద్దు, హైదరాబాద్ ఎండకు ఒక వేసవిలోనే పిగిలిపోతాయి. 4x6 మీటర్ల మందపాటివి ఇంటికి రెండు. మేకు కొట్టకూడదు, ఆ చిల్లు దగ్గరే చినుగుతుంది. గులకరాయిని షీటులో చుట్టి మెడ దగ్గర తాడు బిగిస్తే గాలికి ఆగుతుంది.

బడి గురించి: విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల ‘ప్రతి బిడ్డ’ అంటుంది. వయసు రుజువు లేదని చేర్చుకోకుండా ఉండకూడదని 14వ సెక్షన్, వయసుకు తగ్గ తరగతిలో చేర్చాలని 4వ సెక్షన్. రోహింగ్యా పిల్లలు ముందు ప్రభుత్వ బడికే వెళ్లి అడగాలని, కాదంటే హైకోర్టుకు వెళ్లొచ్చని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. హెడ్‌మాస్టరు ఆధార్ అడిగితే వాదనకు దిగకుండా రాతపూర్వక దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. దగ్గర్లో ఉర్దూ మీడియం ఉంటే మేలు, పిల్లలు ఆ భాష త్వరగా పట్టుకుంటారు. చేర్చేటప్పుడు రాసే పుట్టినతేదీ యూఎన్‌హెచ్‌సీఆర్ కార్డులో ఉన్నదే కావాలి. పదో తరగతి దాకా అదే వెంట వస్తుంది.

తూర్పుగాలి

అందరికీ కృతజ్ఞతలు. ట్యాంకు, కాటా, చీటీలు అనుకుంటున్నాం. యజమానితో ఈ వారమే మాట్లాడతాం. ఇంకొక్క సందేహం: ఒక దాత పాలపొడి డబ్బాలు పెట్టెలకు పెట్టెలు ఇస్తామంటున్నారు, చంటిపిల్లలున్న ఇళ్లకు పంచమని. తీసుకోవచ్చా?

మానెడు

పసిపిల్లల కోసమైతే వద్దు, మెత్తగా చెప్పి వెనక్కి పంపండి. మరగని నీళ్లు, కడగని సీసాతో కలిపిన డబ్బా పాలు విరేచనాలకు నేరుగా దారి. డబ్బా మొదలుపెట్టిన తల్లికి పాలు తగ్గుతాయి. డబ్బా అయిపోయాక కొనే శక్తి లేక పలచగా కలుపుతుంది. అదే డబ్బును పాలిచ్చే తల్లులకు, గర్భిణులకు గుడ్లు, పల్లీలు, పప్పు అదనపు చీటీగా మార్చమని దాతను అడగండి. తల్లి లేని బిడ్డ ఉంటే పిల్లల డాక్టరు చెప్పిన ప్రకారం ఆ ఒక్క ఇంటికే ఇవ్వండి, కలపడం ఇంట్లో నిలబడి నేర్పించి మరీ.

ఆ దగ్గరి బస్తీ దవాఖానాలోనో అంగన్‌వాడీలోనో దండ (భుజానికీ మోచేతికీ మధ్య భాగం) కొలిచే టేపు అడగండి. 6 నెలల నుంచి 5 ఏళ్ల పిల్లలకు ఎడమ దండ చుట్టూ 11.5 సెంటీమీటర్ల లోపు వచ్చినా, రెండు పాదాల్లో నొక్కితే గుంట పడే వాపున్నా ఆ రోజే పిల్లల ఆసుపత్రికి, నీలోఫర్‌కైనా, పంపాలి. 11.5 నుంచి 12.5 మధ్య ఉంటే పేరు రాసుకుని రెండు వారాలకోసారి మళ్లీ కొలవండి. ఆటో ఖర్చుకని 3 లక్షల్లోంచి కొంత ముందే పక్కన పెట్టుకోండి. ఆసుపత్రిలో వైద్యం ఉచితమైనా, కూలి మానుకుని అంతదూరం ఆటోకు పెట్టలేక ఆగిపోయేవాళ్లే ఎక్కువ.